మంద్రానికి దక్కిన చోటు: ఒక రికెన్‌బ్యాకర్ బేస్ గిటార్ ఆత్మకథ

బేస్ గిటార్ అంటే నాలుగు లావు తీగలతో మంద్రస్థాయిని పలికించే విద్యుత్ వాద్యం. పాటలో స్వరసమూహాలకు పునాది వేయడమూ, డ్రమ్స్‌తో కలిసి లయను నడిపించడమూ రెండూ దాని బాధ్యతలే. ఇక్కడ తన చరిత్రను తానే ప్రథమ పురుషలో చెప్పుకొంటున్న వాద్యం 1964లో కాలిఫోర్నియాలో తయారైన రికెన్‌బ్యాకర్ 4001ఎస్. ఎడమచేతివాటం వారికోసం రూపొందిన ఈ గిటార్ 1965లో బీటిల్స్ బృందం పర్యటన మీద లాస్ ఏంజెలెస్‌కు వచ్చినప్పుడు ఆ బృందంలో బేస్ వాయించే పాల్ మెకార్ట్‌నీ చేతికి చేరింది. అంతకుముందు ఆయన వాయించిన హాఫ్నర్ బేస్ వయొలిన్ ఆకారంలో, లోపల బోలుగా, తీగ పొడవు సుమారు 30 అంగుళాలుగా ఉండేది. ఈ వాద్యానిది గట్టి మేపుల్ కలప. దీని మెడ శరీరం చివరిదాకా ఒకే కర్రగా సాగుతుంది, తీగ పొడవు 33¼ అంగుళాలు. పొడవైన తీగకు బిగువు ఎక్కువ కావాలి గనుక మీటినప్పుడు స్వరం స్పష్టంగా పుడుతుంది. కలప గట్టిది గనుక పుట్టిన స్వరం త్వరగా ఆరిపోకుండా నిలుస్తుంది.

అయినా రికార్డులో వినిపించే బేస్ నాదం మొత్తం తనదేనని ఈ వాద్యం ఎన్నడూ అనుకోలేదు. తీగ కదలికను అయస్కాంతం, రాగితీగ చుట్ట కలిసి విద్యుత్తుగా మార్చే భాగాన్ని పికప్ అంటారు. ఆ విద్యుత్తు ఆంప్లిఫయర్‌లో బలం పుంజుకొని, స్పీకర్‌లో మళ్లీ గాలి కదలికై, మైకులోంచి టేపు మీదికి, టేపు నుంచి రికార్డు గాడిలోకి చేరుతుంది. ఈ దారిలో ప్రతి మజిలీ నాదాన్ని కొంత మారుస్తుంది. పేరు మాత్రం వాయించిన వ్యక్తికీ, వాద్యానికీ దక్కుతుంది. సగం న్యాయమైన పంపకం అది.

ఆ రోజుల్లో లండన్‌లోని ఇఎంఐ స్టూడియోలో, అంటే తర్వాత ఆబీ రోడ్ స్టూడియోగా పేరుపడిన చోట, మంద్రస్వరాలను అదుపులో ఉంచడం ఆచారంగా ఉండేది. మంద్రస్వరం బలంగా ఉంటే రికార్డు గాడి విశాలంగా ఊగుతుంది, చవకరకం ప్లేయర్లలో ముల్లు గాడి దాటి ఎగురుతుంది అన్నది సంస్థ భయం. అమెరికా నుంచి వచ్చే సోల్ సంగీతం రికార్డుల్లో బేస్ అంత నిండుగా ఉండి తమ రికార్డుల్లో పలచబడటం బీటిల్స్‌కు నచ్చలేదు. 1966 ఏప్రిల్‌లో ‘పేపర్‌బ్యాక్ రైటర్’ రికార్డింగ్‌లో, అప్పటికి 20 ఏళ్ల రికార్డింగ్ ఇంజనీర్ జెఫ్ ఎమెరిక్, సాంకేతిక నిపుణుడు కెన్ టౌన్‌సెండ్ కలిసి ఈ వాద్యం ఆంప్ ముందు మైకుకు బదులు ఒక పెద్ద స్పీకర్‌ను మైకులా వాడారు. స్పీకర్, మైకు ఒకే సూత్రం మీద పనిచేస్తాయి: విద్యుత్తు వెళితే స్పీకర్ పొర కదులుతుంది, బయటి గాలి పొరను కదిపితే విద్యుత్తు పుడుతుంది. పెద్ద పొర మంద్రస్వరం గాలిని ఎక్కువగా పట్టుకుంటుంది. ముల్లు ఎగరకుండా చూసే కొత్త పరికరం గాడులు కోసే విభాగంలో అండగా నిలిచింది. ఈ వాద్యం తన పూర్తి గొంతుతో జనానికి వినబడింది ఆ పాటతోనేనని దాని నమ్మకం.

1967లో వచ్చిన ‘సార్జంట్ పెప్పర్’ ఆల్బమ్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. అప్పటి టేపు యంత్రంలో నాలుగే ట్రాక్‌లు, అంటే విడివిడిగా శబ్దం నింపగల నాలుగు దారులు ఉండేవి. అవి నిండాక వాటిని కలిపి మరో టేపు మీద ఒకటి రెండు ట్రాక్‌లుగా కుదించి, మిగిలిన ట్రాక్‌ల మీద కొత్త వాద్యాలు చేర్చేవారు. ఇలా కుదించిన ప్రతిసారీ పాత శబ్దం కొంత మసకబారేది. మెకార్ట్‌నీ చాలా పాటలకు బేస్‌ను చివర్లో, తక్కినవారు ఇళ్లకు వెళ్లాక, రాత్రి పొద్దుపోయి వాయించేవాడు. ఇఎంఐలోని రెండో నంబరు స్టూడియోలో ఆంప్‌ను అడ్డుగోడల మధ్య నుంచి బయటికి లాగి హాలు నడిమధ్య పెట్టి, కొన్ని అడుగుల దూరంలో ముందువైపునూ వెనుకవైపునూ వినగల మైకు నిలిపేవారు. అందువల్ల తీగ మీది మీటుతో పాటు ఆ ఖాళీ హాలు గాలి కూడా టేపులోకి వచ్చింది. ‘విత్ ఎ లిటిల్ హెల్ప్ ఫ్రమ్ మై ఫ్రెండ్స్’లో పాడే గొంతుకు సమాంతరంగా మరో రాగంలా నడిచే బేస్ అలా పుట్టినదే. చివర్లో చేరింది గనుక దానికి కుదింపు బాధ తప్పింది. ముందే వాయించిన డ్రమ్స్ మసకబారిన చోట బేస్ మాత్రం తొలి టేపు తాజాదనంతో నిలిచింది. ఆ ఆల్బమ్‌లో బేస్ అంత ముందుకు వినిపించడానికి వాదకుని ప్రతిభ ఎంత కారణమో, ఈ వరుస క్రమం కూడా అంతే కారణమని ఈ వాద్యం అభిప్రాయం.

అదే ఏడాది ఈ వాద్యం ఒంటికి రంగురంగుల పూత వచ్చింది, కొన్నాళ్లకు ఆ పూతను గీకేశారు, కర్ర రంగే మిగిలింది.

మిక్స్ అంటే ట్రాక్‌లన్నిటి పాళ్లు నిర్ణయించి ఒక్కటిగా కలపడం. రీమిక్స్ అంటే ఆ నిర్ణయాన్ని మూల టేపుల నుంచి మళ్లీ చేయడం. ‘సార్జంట్ పెప్పర్’కు 1967లో బీటిల్స్ దగ్గరుండి చేయించుకొన్నది మోనో మిక్స్, అంటే శబ్దమంతా ఒకే దారిలో వినిపించేది. ఎడమ, కుడి రెండు దారులుగా వినిపించే స్టీరియో మిక్స్ వారు లేకుండానే త్వరగా ముగిసింది. 2017లో బీటిల్స్ రికార్డుల నిర్మాత జార్జ్ మార్టిన్ కుమారుడు గైల్స్ మార్టిన్, ఇంజనీర్ శామ్ ఓకెల్‌తో కలిసి, కుదింపునకు ముందటి టేపులను వెతికి తీసి, మోనో మిక్స్‌ను మార్గదర్శిగా ఉంచుకొని కొత్త స్టీరియో మిక్స్ చేశాడు. ‘రివాల్వర్’ ఆల్బమ్‌కు ఆ పద్ధతి చాలలేదు. ఆ ఆల్బమ్‌లోని ‘టాక్స్‌మాన్’ పాటలో గిటార్, డ్రమ్స్, బేస్ మూడూ ఒకే ట్రాక్‌లో ఇరుక్కొని, పాత స్టీరియోలో ఒకే పక్క నుంచి వినిపించేవి. దర్శకుడు పీటర్ జాక్సన్ బృందం కంప్యూటర్‌కు వాద్యాల నాదాలను గుర్తుపట్టడం నేర్పి వాటిని విడదీసింది; 2022 రీమిక్స్‌లో బేస్ తన స్థానంలో తాను నిలబడింది.

ఈ రెండు రీమిక్స్‌ల మీద ఈ వాద్యం తీర్పు ఒకే తీరుగా ఉండదు. ‘టాక్స్‌మాన్’కు జరిగింది నిస్సందేహంగా మేలు, మీటు మొదలూ, తీగను అదిమి ఆపిన క్షణమూ ఇప్పుడు విడిగా వినవచ్చు. ‘సార్జంట్ పెప్పర్’ విషయంలో లాభంతో పాటు ఒక మార్పు ఉంది: డ్రమ్స్ మసక తొలగి ముందుకు రావడంతో బేస్‌కు ఉన్న పాత ఆధిక్యం తగ్గింది. టేపులో ఉన్నదంతా వినిపించడం ఒక న్యాయం, ఆ గదిలో కూర్చున్నవారు అంగీకరించిన పాళ్లను కాపాడటం మరో న్యాయం. రెండోదే పెద్దదని ఈ వాద్యం నమ్ముతుంది. అందుకే రీమిక్స్‌లు పాత మిక్స్ పక్కన ఉండాలి గాని దాని స్థానం ఆక్రమించకూడదు.

కనుక పాఠకులు ముందుగా ‘సార్జంట్ పెప్పర్’ 1967 మోనో మిక్స్‌ను, ఆ తర్వాతే 2017 రీమిక్స్‌ను వినాలి, అదీ మంచి స్పీకర్లలోనో హెడ్‌ఫోన్లలోనో వినాలి. ఎందుకంటే ఈ వాద్యం అతి లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది, ఫోన్ స్పీకర్ అంత కిందికి పలకలేదు.