అటకశాస్త్రం: ప్రథమ పాఠం

తెలుగు గృహస్థు ఇంట్లో ఎలక్ట్రానిక్ వస్తువుకు మూడు దశలు. మొదటి దశలో అది లేసు గుడ్డ కప్పుకుని, వచ్చిన చుట్టాలందరికీ కనబడేలా హాల్లో ఉంటుంది. రెండో దశలో పనిచేయడం మానేసి మంచం కిందికి పోతుంది. మూడో దశలో అటకెక్కుతుంది. నాలుగో దశ అంటూ ఏదీ లేదు. అమ్మడం, పారేయడం, ఎవరికైనా ఇచ్చేయడం సిద్ధాంతరీత్యా సాధ్యమే గాని, ఆచరణలో ఇల్లు మారేటప్పుడు తప్ప జరగవు. అప్పుడు కూడా సగం సామాను కొత్తింటి అటక మీదికే చేరుతుంది.

అటక మీది సంపద కాలక్రమంలో పేర్చి ఉంటుంది. అన్నిటికంటే అడుగున టేప్‌రికార్డరు, స్టెబిలైజరు. వాటిమీద వీసీఆర్. ఆ పైన ఇంటిల్లిపాదీ ‘సీపీయూ’ అని పిలిచే కేబినెట్, ఇద్దరు పట్టుకుంటే గాని కదలని పిక్చర్‌ట్యూబ్ మానిటర్, బ్యాటరీ ఉబ్బిన యూపీఎస్. ఇంకా పైన డీవీడీ ప్లేయరు, కీప్యాడ్ ఫోన్లు, నెట్ కోసం కొన్న డాంగిల్. అన్నిటికీ పైన, బిస్కెట్ డబ్బాలో, చార్జర్లు. ఇంట్లో ఉన్న ఫోన్ల కంటే చార్జర్లు ఎప్పుడూ ఎక్కువే ఉంటాయి. వాటిలో ఏ ఒక్కటీ ఏ ఒక్క ఫోన్‌కూ పట్టదు.

ఇంత సామాను దాచడానికి గృహస్థు మూడు కారణాలు చెబుతాడు. మొదటిది ధర. 1990ల చివర్లో ఇంటికి కంప్యూటర్ కొనడమంటే కొన్ని నెలల జీతం. దాన్ని పాత సామాన్లవాడు కాటాకు తగిలించి కిలోల లెక్కన అడిగితే మనసొప్పదు. రెండోది భయం. ఇవాళ ఇచ్చేసిన వైరు రేపు పొద్దున్నే అవసరపడుతుందన్నది ఇంటింటా నిరూపితమైన సత్యం. మూడోది గంభీరమైనది: “అందులో డేటా ఉంది.” మొదటి రెండిటికీ మందు లేదు. మూడోదాన్ని మాత్రం శాస్త్రీయంగా పరీక్షించవచ్చు.

డేటా ఉందన్న మాట నిజం కావాలంటే మూడు తాళాలు తెరుచుకోవాలి. దాచిన వస్తువు పాడు కాకుండా ఉండాలి. దాన్ని చదివే యంత్రం దొరకాలి. చదివిన ఫైలు అర్థం కావాలి. గృహస్థు సాధారణంగా మొదటి తాళం దగ్గరే కాపలా కూర్చుంటాడు.

వయసు ప్రకారం ముందు ఫ్లాపీ. 1971లో ఐబీఎం 8 అంగుళాల ఫ్లాపీని బజారుకు తెచ్చింది. తర్వాత అది ఐదుంపావు అంగుళాలకు, ఆపైన మూడున్నర అంగుళాలకు చిక్కింది. చివరి రకంలో పట్టేది 1.44 మెగాబైట్లు. ఇవాళ ఫోన్‌లో తీసిన భోజనం ఫొటో ఒక్కటి కూడా అందులో పట్టదు. సోనీ 2011 మార్చిలో జపాన్‌లో ఫ్లాపీల అమ్మకం ఆపేసింది. ఫ్లాపీ లోపల ఉండేది ప్లాస్టిక్ పొర మీద అయస్కాంత పదార్థపు పూత. తేమకు దానిమీద బూజు పడుతుంది. బూజు పట్టిన ఫ్లాపీని డ్రైవ్‌లో పెడితే చదివే హెడ్డు ఆ బూజుతో పాటు పూతను కూడా గీకేస్తుంది. అందుకే తెలిసినవాళ్లు ముందు శుభ్రం చేసి, ఆ తర్వాతే డ్రైవ్‌లో పెడతారు. తెలియనివాళ్లు నోటితో ఉఫ్‌మని ఊదుతారు.

మూడున్నర అంగుళాల ఫ్లాపీ చదవడానికి యూఎస్‌బీ డ్రైవ్‌లు ఇప్పటికీ దొరుకుతాయి. ఐదుంపావుదానికి పాత డ్రైవూ దానికి తగిన కంట్రోలరూ కావాలి. డిస్క్ మీది అయస్కాంత మార్పులను ఉన్నవి ఉన్నట్టు నమోదు చేసే క్రయోఫ్లక్స్ వంటి పరికరాలు ఇందుకే పుట్టాయి. అమెరికన్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ 1985లో అమిగా కంప్యూటర్ మీద గీసిన బొమ్మలు పిట్స్‌బర్గ్‌లోని ఆయన మ్యూజియంలో ఫ్లాపీల్లో ఉండిపోయాయి. 2014లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు కంప్యూటర్ క్లబ్బు వాటిని వెలికితీసింది. ఈ వార్త చదివిన ప్రతి గృహస్థూ తన అటక వైపు కొత్త గౌరవంతో చూశాడు. వార్హోల్ ఫ్లాపీల్లో బొమ్మలున్నాయి. గృహస్థు ఫ్లాపీల్లో చాలావరకు ఉన్నది ఎవరి దగ్గరో కాపీ చేసుకున్న కార్ల పందెం ఆట, దానితోపాటు వచ్చిన వైరస్.

తర్వాతిది పెళ్లి క్యాసెట్. నెమలి ఈకలోంచి వధూవరులు, కలశంలోంచి మామగారు, తామరపువ్వులోంచి తోడల్లుడు బయటికి వచ్చే మిక్సింగ్‌తో తీసిన ఈ వీహెచ్ఎస్ క్యాసెట్లు తెలుగు ఇళ్లలో బంగారం పక్కన, బీరువాలో ఉంటాయి. వీటికీ శత్రువు తేమే. టేపు మీది జిగురు తేమను పీల్చి బంకలా మారడం కొన్ని రకాల రికార్డింగ్ టేపులకు వచ్చే రోగం. నిపుణులు అలాంటి టేపును సుమారు 50 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటల తరబడి వేడిచేసి, వెంటనే కాపీ చేసుకుంటారు. ఇది వంటింటి ఓవెన్లో చేయదగ్గ పని కాదు. క్యాసెట్‌ను రక్షించినా వీసీఆర్ కావాలి. జపాన్ కంపెనీ ఫునాయి 2016 జులైలో తయారీ ఆపేయడంతో కొత్త వీసీఆర్లు రావడం ఆగిపోయింది. ఉన్న పాతవాటి పంపకాలు ఇంకో చిక్కు: క్యాసెట్ పుట్టింట్లో ఉంటుంది, వీసీఆర్ అత్తింట్లో ఉంటుంది, రిమోట్ ఏ ఇంట్లోనూ ఉండదు.

సీడీ విషయంలో గృహస్థు భక్తి చూడముచ్చటగా ఉంటుంది గాని తప్పు వైపు ఉంటుంది. మెరిసే అడుగువైపును మెత్తటి గుడ్డతో తుడుస్తాడు, పైవైపు బాల్‌పెన్నుతో ‘అబ్బాయి పుట్టినరోజు’ అని ఒత్తి రాస్తాడు. సీడీలో సమాచారం ఉండే పొర పైవైపే, పేరు రాసే చోటికి అతి దగ్గరగా ఉంటుంది. అడుగున పడ్డ చిన్న గీతను చాలాసార్లు బాగుచేయవచ్చు. పైన పడ్డ గీతతో మెరుపు పొర లేచిపోతే ఇక చేయగలిగింది లేదు. ఇంట్లో రైట్ చేసిన సీడీల్లో సమాచారం రంగుపొర రూపంలో ఉంటుంది. ఎండకూ వేడికీ ఆ రంగు వెలిసిపోతుంది. రేకుల కప్పు కింది అటక దానికి అనువైన చోటు కాదు.

హార్డ్‌డిస్క్‌ది మరీ సున్నితమైన వ్యవహారం. తిరిగే పళ్లేలకు కొన్ని నానోమీటర్ల ఎత్తున హెడ్లు తేలుతూ ఉంటాయి. ఆ సందులో దుమ్ము కణం కూడా పట్టదు. డిస్క్ టిక్కు టిక్కుమంటోందంటే హెడ్లు తమ చోటు వెతుక్కోలేకపోతున్నాయని అర్థం. అప్పుడు కరెంటు తీసేయాలి. ఊళ్లో మాత్రం మూడు వైద్యాలు ప్రచారంలో ఉన్నాయి: తట్టడం, ఫ్రిజ్‌లో పెట్టడం, మూత విప్పి చూడటం. మూడోది అంత్యక్రియలతో సమానం. దుమ్ము లేని గదిలో, అదే మోడల్ డిస్క్ నుంచి హెడ్లు తీసి అమర్చి చేసే చికిత్సకు డిస్క్ ఖరీదుకు ఎన్నో రెట్లు అవుతుంది. పాత డిస్క్‌లు దాచుకున్నవాడికి ఇక్కడ గర్వించే అవకాశముంది: దాత డిస్క్ కోసం నిపుణులు వెతికేది ఇలాంటివాళ్ల దగ్గరే. అయితే కావలసింది అదే కంపెనీ, అదే మోడల్, కుదిరితే అదే తయారీ విడత. గృహస్థు దగ్గర తక్కినవన్నీ ఉంటాయి.

పెన్‌డ్రైవ్‌లో తిరిగే భాగాలు లేవు కాబట్టి అది చిరంజీవి అని ఒక నమ్మకం. అందులో సమాచారమంటే కణాల్లో చిక్కుకున్న విద్యుదావేశం. ఏళ్ల తరబడి వాడకుండా పడేస్తే అది కొంచెం కొంచెంగా కారిపోతుంది. బ్యాంకు లాకర్లో పెట్టినా కారిపోతుంది.

దాచేవాళ్ల వాదానికి చరిత్రలో గట్టి బలం లేకపోలేదు. 1966, 67ల్లో నాసా పంపిన లూనార్ ఆర్బిటర్ నౌకలు చంద్రుణ్ని ఫొటోలు తీశాయి. ఆ సంకేతాలు పెద్ద పెద్ద టేపుల్లో నిక్షిప్తమయ్యాయి. వాటిని పారేయవద్దని పట్టుబట్టిన నాసా ఉద్యోగిని నాన్సీ ఎవాన్స్, టేపులు చదివే ఆంపెక్స్ ఎఫ్ఆర్-900 యంత్రాలు నాలుగింటిని సంపాదించి, ఏళ్లపాటు తన గ్యారేజీలో దాచింది. ఒక్కోటి బీరువా అంత ఉంటుంది. ఇంట్లోవాళ్లు ఏమన్నారో చరిత్రకెక్కలేదు. తర్వాత డెనిస్ వింగో, కీత్ కౌవింగ్ అనే ఇద్దరు ఆ సామాను కాలిఫోర్నియాలోని నాసా ఏమ్స్ పరిశోధన కేంద్రానికి తరలించి, మూతపడిన ఒక మెక్‌డొనాల్డ్స్ భవనంలో బాగుచేయించారు. 2008 నవంబర్‌లో మొదటి ఫొటో బయటికొచ్చింది: చంద్రుడి అంచు మీద ఉదయిస్తున్న భూమి, 1966లో లోకం చూసినదానికంటే ఎంతో స్పష్టంగా. అదే నాసా అపోలో 11 నుంచి వచ్చిన అసలు సంకేతాల టేపుల సంగతి వెతికి, వాటిని తుడిచేసి మళ్లీ వాడేసి ఉంటారని 2009లో తేల్చింది. మనిషి చంద్రుడి మీద కాలు పెట్టిన దృశ్యపు అసలు రికార్డింగు పొదుపు పథకం కింద పోయింది. ఎవాన్స్ టేపులతోపాటు యంత్రాన్నీ దాచిందన్న వివరం అటకవాదులు ఈ కథ చెప్పేటప్పుడు వదిలేస్తారు.

ప్రభుత్వాల అటకలు ఇంకా పెద్దవి. అమెరికా తన అణు క్షిపణుల దళానికి ఆదేశాలు చేరవేసే వ్యవస్థలో 8 అంగుళాల ఫ్లాపీలను 2019 దాకా వాడింది. జపాన్ డిజిటల్ మంత్రి తారో కోనో 2022లో ఫ్లాపీల మీద యుద్ధం ప్రకటించాడు. ఫ్లాపీల వంటి పాత సాధనాల్లోనే సమాచారం ఇవ్వాలన్న నిబంధనలు అక్కడ వెయ్యికి పైగా తేలాయి. వాటిని ఏరేసి గెలిచామని చెప్పడానికి 2024 వచ్చింది. మన కార్యాలయాల్లో యుద్ధం దాకా వెళ్లరు. పాడైన కంప్యూటర్‌ను డెడ్‌స్టాక్ రిజిస్టర్లోంచి తీసేయాలంటే కండెమ్ చేయాలి, కండెమ్ చేయాలంటే కమిటీ కూర్చోవాలి, కమిటీ కూర్చోవడానికి ఉన్న ఒకే గదిలో పాత కంప్యూటర్లున్నాయి.

మొదటి రెండు తాళాలూ తెరుచుకున్నాయనుకుంటే తెలుగువాడికి మూడోది మిగిలి ఉంటుంది. 1991లో వచ్చిన తొలి యూనికోడ్‌లోనే తెలుగు లిపికి చోటిచ్చారు. డీటీపీ సెంటర్లు ఆ సంగతి పట్టించుకోలేదు. పేజ్‌మేకర్‌లో అను, శ్రీలిపి వంటి ఫాంట్లతో దశాబ్దాలపాటు పుస్తకాలు, శుభలేఖలు, కరపత్రాలు తయారయ్యాయి. ఈ ఫాంట్లు తలకట్లను, గుడులను, ఒత్తులను ముక్కలు చేసి ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో, ఎవరికి తోచినట్టు వాళ్లు కూర్చోబెట్టాయి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, డాలర్లు, కొక్కేలు కలిసిన గందరగోళం కనిపిస్తుంది. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి. అవి పనిచేశాక కూడా ఒత్తులు కొన్ని అలిగి పక్క అక్షరం దగ్గరికి పోతాయి. కథల పుస్తకమైతే కూర్చుని దిద్దుకోవాలి. కొందరి కవితా సంపుటాలకు దిద్దకముందుకూ దిద్దిన తర్వాతకూ తేడా తెలియదని ప్రూఫ్‌రీడర్లు చెబుతారు.

ఇది ఫాంట్లతో పోయే బాధ కాదు. 1086 నాటి ఇంగ్లండ్ భూముల సర్వే గ్రంథం డూమ్స్‌డే బుక్‌కు 900 ఏళ్లు నిండిన సందర్భంగా, 1986లో బీబీసీ దేశ ప్రజల చేత కొత్త సర్వే చేయించి లేజర్ డిస్క్‌లకెక్కించింది. పదిహేనేళ్లు తిరిగేసరికి ఆ డిస్క్‌లను చదివే యంత్రాలు కరువై, ఆ పాత వ్యవస్థను అనుకరించే సాఫ్ట్‌వేర్ రాయడానికి పరిశోధకులు చెమటోడ్చవలసి వచ్చింది. తొమ్మిది శతాబ్దాల తోలు పుస్తకాన్ని మాత్రం ఇప్పటికీ తెరిచి చదవవచ్చు. తిరుమల సంకీర్తన భాండాగారంలో శతాబ్దాలు పడి ఉన్న తాళ్లపాక కవుల రాగిరేకులు 20వ శతాబ్దంలో బయటపడినప్పుడూ డ్రైవ్ అవసరం రాలేదు, లిపి తెలిసిన పండితులు సరిపోయారు. తాటాకులకు ఆ అదృష్టం లేదు. పురుగు తింటుంది, విరుగుతుంది. అందుకే వాటికి తరానికొకసారి తిరగరాయడమే వైద్యం. కడపలో పనిచేసిన ఆంగ్లేయ అధికారి సి.పి. బ్రౌన్ పండితులకు జీతాలిచ్చి చేయించింది సరిగ్గా ఆ పనే: ప్రతులు తెప్పించడం, పోల్చడం, కాగితం మీదికి ఎత్తి రాయించడం. తాటాకులను భద్రంగా అటకెక్కించి ఉంటే ఆయన పేరు కడప దాటేది కాదు.

తిరగరాసే పద్ధతికి నేటి రూపం ‘మూడు-రెండు-ఒకటి’ సూత్రం. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల్లో, ఒకటి వేరే చోట. గృహస్థు ఈ సూత్రంలో మొదటి అంకె వరకు పాటిస్తాడు. మూడు ప్రతులూ ఒకే హార్డ్‌డిస్క్‌లో న్యూ ఫోల్డర్, న్యూ ఫోల్డర్ టూ, న్యూ ఫోల్డర్ ఫైనల్ అనే పేర్లతో ఉంటాయి.

చివరగా విసర్జన. ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క ప్రకారం 2022లో ప్రపంచం 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలను పుట్టించింది. పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు నమోదైంది అందులో నాలుగో వంతు కూడా లేదు. మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనలు పాత సామాను బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. బజారులో తక్కెడ పట్టుకున్నవాడికి ఆ సంగతి చేరినట్టు లేదు. ఇచ్చే ముందు ఫార్మాట్ కొట్టేశాం కదా అని నిశ్చింతగా ఉండటం కూడా పొరపాటు. మామూలు డిలీట్, క్విక్ ఫార్మాట్ చెరిపేది విషయసూచికను మాత్రమే. సమాచారం అక్కడే ఉంటుంది, ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎవరైనా తీయగలరు. దాచుకుందామన్న పెళ్లి వీడియో దొరక్కపోవడం, పోవాలనుకున్న పాన్‌కార్డు కాపీ ఎవరికైనా దొరకడం ఈ శాస్త్రంలో సర్వసాధారణం. కాబట్టి క్రమం ఇది: పనికొచ్చేది కాపీ చేసుకోవాలి, కాపీ తెరుచుకుంటుందో లేదో చూడాలి, పాత డిస్క్‌ను ఈ చివర నుంచి ఆ చివరిదాకా వేరే సమాచారంతో నింపి చెరపాలి, నమోదైన రీసైక్లర్‌కు అప్పగించి రసీదు అడిగి తీసుకోవాలి. రసీదు ఎక్కడ దాచాలో గృహస్థుకు చెప్పనక్కరలేదు.