స్వర్ణముఖికి సున్నా మార్కులు

పర్యావరణం ప్రతి బడిలోనూ చెప్పి తీరాలని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది. చెబుతూనే ఉన్నాం. రేణిగుంట కాన్వెంటు పిల్లవాడు చెట్ల వల్ల లాభాలు పదీ గడగడా అప్పజెబుతాడు. గేటు పక్కనున్నది వేపా, కానుగా అంటే మాత్రం ‘సిలబస్‌లో లేదంకుల్’ అంటాడు. పల్లె బడి పిల్లోడు ఆకు నలిపి వాసన చూసి చెప్పేస్తాడు. మేక ఏది మేస్తుందో, ఏది ముట్టదో కూడా. దానికి మార్కుల్లేవు.

‘నదిలో ఏముండును?’ అన్న ప్రశ్నకు వాడు ‘ఇసుక, ట్రాక్టర్లు’ అని రాశాడనుకోండి. సున్నా!

‘ఏందిరా ఇది?’

‘మా స్వర్ణముఖిలో ఉండేది అవే గదా సార్!’

ప్రపంచ పర్యావరణ దినం జూన్ 5. మన బడులు తెరిచేది మామూలుగా 12న. రేణిగుంట జంక్షన్‌లో రైలు మాదిరి అదీ వారం లేటు. వచ్చాక మాత్రం ‘ప్లాస్టిక్ వద్దు’ ప్రాజెక్టు: థర్మోకోల్ అట్ట మీద ప్లాస్టిక్ ఆకుల అడవి. అలంకరణ థర్మోకోల్‌ను 2022 జులై 1 నుంచే దేశమంతా నిషేధించారు గానీ, ఆ సంగతి అట్ట అమ్మినాయనకూ, రాత్రంతా కూర్చుని అతికించిన అమ్మకూ, ఫస్టు ప్రైజిచ్చిన టీచరుకూ సిలబస్‌లో లేదు.