ముక్కుసూటి చట్టం

అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2014 జనవరి 1న గంజాయి దుకాణాల తలుపులు బార్లా తెరిచింది. టోకు సరుకు మీద 15 శాతం సుంకం ముక్కు పిండి వసూలు చేసింది. అందులోంచి బడి భవనాలు కట్టిస్తున్నామని చెప్పుకుంది. ముక్కు పిండుతున్నన్నాళ్లూ సర్కారుకు ఏ వాసనా తగల్లేదు.

వాసన తగిలింది ఎలీరియా-స్వాన్సీ, గ్లోబ్‌విల్ వాడల వాళ్లకు. రాజధాని డెన్వర్‌లో గంజాయిని ఎక్కువగా పాత గోదాముల్లో, కరెంటు దీపాల కింద పెంచుతారు. ఆ గోదాములు ఎక్కువగా ఈ పారిశ్రామిక వాడల్లోనే ఉన్నాయి. అక్కడ కాపురముండేది చాలావరకు లాటినో శ్రామిక కుటుంబాలు. కుక్కల తిండి ఫ్యాక్టరీ కంపు, చమురు శుద్ధి కర్మాగారం కంపు వాళ్లకు ముందునుంచీ ఉన్నవే. రెండు భరించినవాళ్లు మూడోది భరించలేరా అని ఏ పెద్దమనిషో లెక్కేసి ఉంటాడు.

నగరపాలకులు మాత్రం ఊరుకోలేదు లెండి. 2016లో వాసన నిబంధనలను సవరించారు. పెంపకందార్లు కంపును ఎలా అదుపు చేస్తారో కాగితం మీద రాసివ్వాలన్నారు. తప్పు తేల్చడానికి దారులూ చూపించారు. ఒకటి, 12 గంటల్లోపు కనీసం 5 వేర్వేరు ఇళ్ల నుంచో దుకాణాల నుంచో ఫిర్యాదులు రావాలి. అంటే నాలుగిళ్లవాళ్లకు కడుపులో తిప్పితే అది వాళ్ల అజీర్తి. ఐదో ఇంటాయన రాత్రి డ్యూటీ చేసొచ్చి ఆదమరిచి నిద్రపోయాడా, ఆ లెక్కన ఆ పూట వీధంతా మల్లెల గుబాళింపే!

రెండో దారి యంత్రం. పేరు నేసల్ రేంజర్, పుట్టిల్లు మిన్నెసోటా. చూడ్డానికి మైకు గొట్టంలా ఉంటుంది. అధికారి దాన్ని ముక్కుకు ఆనించుకుని నడివీధిలో నిలబడతాడు. బొగ్గు వడపోతలోంచి వచ్చిన శుభ్రమైన గాలి ఏడు పాళ్లు, వీధి గాలి ఒక పాలు కలిపి పీలుస్తాడు. అప్పటికీ కంపు కొడితేనే నేరం. ఎదురింటి అరుగు మీద కూర్చున్న ముసలమ్మకు ఆ ఏడు పాళ్ల మంచిగాలి ఎవరు పోస్తారని మాత్రం అడక్కండి. ఆవిడ పీల్చేది కల్తీ లేని సరుకు.

ఇదంతా ముక్కుకు తెలిసే బాధ. తెలియనిది ఇంకొకటుంది. గంజాయి మొక్క టెర్పీన్లనే ఆవిర్లు వదులుతుంది. వాహనాల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లతో అవి ఎండలో కలిస్తే ఓజోన్ పుడుతుంది. డెన్వర్‌లోని 600కు పైగా పెంపకం కేంద్రాల వల్ల ఓజోన్ పెరగొచ్చని 2019లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. 2022లో కేంద్ర పర్యావరణ సంస్థ డెన్వర్ ప్రాంతాన్ని ఓజోన్ విషయంలో ‘తీవ్ర’ జాబితాలోకి ఎక్కించింది. అప్పటికీ కేంద్ర చట్టం దృష్టిలో గంజాయి నిషిద్ధమే. లేదనుకోవాల్సిన మొక్కకు ఉందనుకోవాల్సిన ఆవిరి! దీని మీద ఫోను చేయడానికి ఐదిళ్లు కాదు, ఒక్క ఇల్లూ దొరకదు.

టెర్పీన్లు నారింజ తొక్కలోనూ ఉన్నాయి, మామిడిలోనూ ఉన్నాయి కదా అని అడిగేవాళ్లుంటారు. నిజమే. గంజాయి వనంలో తులసి మొక్క అనే సామెత ఉన్న మనం ఆ తులసి కూడా టెర్పీన్లే వదులుతుందని ఒప్పుకోవాల్సిందే. కాకపోతే తులసిని ఎవరూ గోదాము నిండా పెంచి, ఫ్యాన్లు పెట్టి వీధిలోకి తోలడం లేదు.

మనవాళ్ల పద్ధతిలో ఇన్ని మెలికల్లేవు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో పోలీసులు 2 లక్షల కిలోల గంజాయిని గుట్టలు పోసి తగలబెట్టారు. ఆ పొగకు ఏడు పాళ్లూ లేవు, ఎనిమిది పాళ్లూ లేవు.

పెట్రోలు బంకు ఆవిరికి లెక్క అడిగే అమెరికా గంజాయి గోదాము ఆవిరికీ అడగొచ్చు. కొలత పెట్టాల్సింది ఫ్యాను మూతి దగ్గర, పొరుగువాడి ముక్కు దగ్గర కాదు. బొగ్గు వడపోతలు కొత్త విద్యేమీ కాదు. వాటిని ఎప్పటికప్పుడు మార్చాలి, దానికి డబ్బు ఖర్చవుతుంది, అంతే.

అందాకా, డెన్వర్‌లో ఇల్లు కొనబోయే మన పిల్లలకు ఒక మాట: వాస్తు తర్వాత చూసుకోవచ్చు. వీధిలో ఫోనెత్తే కుటుంబాలు ఇంకో నాలుగైనా ఉన్నాయో లేదో ముందు కనుక్కోండి.