నిజాయితీ రోడ్

ఆమదాలవలసలో రైలు దిగినవాడికి ఎదురయ్యే బోర్డు మీద ‘శ్రీకాకుళం రోడ్’ అని ఉంటుంది. అసలు శ్రీకాకుళం చేరాలంటే ఇంకా బస్సో ఆటోనో ఎక్కాలి. అయినా రైల్వేవాళ్లను అబద్ధాలకోరులని ఎవరూ అనరు. చివర ‘రోడ్’ అని తగిలించి, దూరం ఉందని వాళ్లే ఒప్పేసుకున్నారు. కంపెనీల్లో కనిపించే విలువలరావు గారిలో లోపించింది ఆ పాటి నిజాయితీయే. మన కుర్రాళ్లు విశాఖలోనో హైదరాబాదులోనో ఉద్యోగంలో చేరిన మొదటిరోజే ఆయన దర్శనమవుతుంది. గౌరవం, పారదర్శకత, నిజాయితీ అన్నీ గోడకి ఫ్రేము కట్టించి, మెడలో వేసే ట్యాగు మీద కూడా అచ్చు వేయిస్తాడు. ‘మనమంతా ఒకే కుటుంబం’ అన్నది ఆయన ఊతపదం. మాటవరసకి కాదు, కుటుంబమే: సెలవడిగితే అత్తగారిలా మొహం పెడతాడు, జీతం పెంచమంటే మేనమామలా ‘వచ్చే సంక్రాంతికి చూద్దాంలే’ అంటాడు. తన గది తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుందంటాడు. ఆ తలుపులోంచి వెళ్లి నోరు విప్పినవాడి సంగతి అప్రైజల్ నాడు తేలుతుంది.

ఆయన్ని కపటి అనడం మాత్రం అన్యాయం. తాను చెప్పేదంతా ఆయన మనసారా నమ్ముతాడు. చిక్కల్లా, ఆయనకు మార్కులు పడేది ఎన్ని పోస్టర్లు అంటించాడన్న దానికి. ప్రమోషన్లు పడేది ఎవరు ఎంత బిల్లింగు తెచ్చారన్న దానికి. జనం నేర్చుకునేది రెండోదాన్ని చూసే. పేరులోనే సత్యాన్ని పెట్టుకున్న కంపెనీ మనకుండేది. సత్యం కంప్యూటర్స్‌కి 2008లో కార్పొరేట్ పాలనకుగాను గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. 2009 జనవరి 7న, లెక్కల్లో చూపిన నగదులో ఐదు వేల కోట్లకు పైగా అసలు లేనే లేవని దాని ఛైర్మనే ఉత్తరం రాశారు. నెమలి ఎగిరిపోయింది.

‘బోర్డంటూ ఉంటే చూపించి నిలదీయడానికైనా పనికొస్తుంది కదా’ అంటారు కొందరు. నిజమే, నిలదీసేవాడికి సత్తువ ఉంటే. ప్రొబేషన్ దాటని కుర్రాడు ఏ ధైర్యంతో వేలు చూపిస్తాడు? ఆ సత్యంలోనే, 2008 డిసెంబరులో ఛైర్మన్ కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను కొనేద్దామనుకున్నారు (ఇంగ్లీషులో సత్యాన్ని తిరగేస్తే మేటాస్, పేరు పెట్టినవాళ్లకి హాస్యప్రియత్వం ఉంది). డైరెక్టర్లు సరేనన్నారు. ఆపింది గోడ మీది విలువ కాదు, వాటాదారులు. వాళ్లు గోల చేస్తే కొన్ని గంటల్లోనే ఆ బేరం రద్దయిపోయింది. వాటాలు అమ్మేసుకుని పోగలిగినవాళ్లు కాబట్టి వాళ్ల మాట చెల్లింది. నెల జీతం మీద ఇంటి అద్దె, ఊళ్లో అమ్మానాన్నల మందులు నడిచేవాడికి ఆ వెసులుబాటు ఏదీ?

అందుకని విలువలరావు గారికి ఒక్క మనవి. బోర్డులు తీసేయమని అడగం బాబూ, ఫ్రేములకు ఖర్చయింది. ‘నిజాయితీ’ పక్కన ‘రోడ్’ అని రాయించండి. దిగాక ఇంకెంత దూరమో మా తిప్పలు మేం పడతాం.