నేను ఖాతా పుస్తకాన్ని

నాకు ఎర్రగుడ్డ అట్ట. అంచుకో పురికొస, దానికో పెన్ను. గుంటూరు జిల్లాలో ఒక చిల్లర కొట్టు గల్లాపెట్టె పక్కన నా చోటు. మొదటి పుటలో శెట్టిగారు పసుపు కుంకుమ అద్ది 'శ్రీ' రాశారు. రెండో పుట నుంచి మనుషులు మొదలయ్యారు.

కొట్టుకు వచ్చేవాళ్లకు పేర్లు చాలా ఉన్నాయి. 'కొనుగోలుదారు'లో కొనుగోలు తెలుగుమాట. చివరి 'దారు' పారసీ నుంచి వచ్చింది. కలిగినవాడు అని అర్థం. హక్కుదారులో ఉన్నదీ అదే. తెలంగాణ అంగట్లో 'గిరాకి వచ్చింది' అంటే కొనేవాళ్లు వచ్చారని. మరాఠీ 'గిర్హాయిక్'కు అది చుట్టం. మూలం సంస్కృత 'గ్రాహకుడు', అంటే తీసుకునేవాడు. ఇంగ్లీషు 'కస్టమర్' పుట్టింది అలవాటును చెప్పే 'కస్టమ్' నుంచి. రోజూ పోయించుకునే పాలను మనం 'వాడుక పాలు' అనడంలోనూ ఆ అలవాటే ఉంది.

నాకు ప్రాణమైన మాట మాత్రం 'ఖాతాదారు'. ఖాతా అంటే ఒకరి పేర నడిచే లెక్క. చేతిలో డబ్బుంటే ఎవరైనా కొంటారు. నాలో పుట దొరికేది నమ్మకం మీదే. పన్నెండో పుట ఒక తాపీమేస్త్రీ ఇంటిది. 'కందిపప్పు అరకిలో, చింతపండు పావుకిలో...' వానాకాలం పనుల్లేక ఆ పద్దులు పక్క పుటకీ పాకాయి. పని దొరికిన వారమే ఆయన భార్య వంట మధ్యలో వచ్చి బాకీ తీర్చింది. శెట్టిగారు 'చెల్లు' రాసేముందు ఒక్కో పద్దు మీదా వేలు పెట్టి సరిచూసుకుంది. ఆ వేలి పసుపు మరక ఇంకా నామీద ఉంది.

అరువు తెచ్చుకున్నవాళ్లు నోరెత్తకూడదని కొందరనుకుంటారు. చట్టం అలా అనదు. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టమూ, దాని స్థానంలో వచ్చిన 2019 చట్టమూ ఈ విషయంలో ఒకటే. సొమ్మిచ్చినవాళ్లే కాదు, ఇస్తామని మాటిచ్చి సరుకు తీసుకున్నవాళ్లూ వినియోగదారులే. కొన్నవారి అనుమతితో ఆ సరుకు వాడుకునేవాళ్లూ అంతే. తిరిగి అమ్ముకోవడానికి కొన్నవాళ్లు మాత్రం ఆ లెక్కలోకి రారు.

కాబట్టి తూకం తగ్గినా, పప్పు పుచ్చినా, మీ పుటలో బాకీ ఉందని వెనకాడకండి. మర్యాదగా అడగండి. ఖాతాదారు హక్కుదారు కూడా.