ముందు చక్రం మోజు

ఒరేయ్ నాయనా, బండికి ముందు చక్రం మార్పిస్తానన్నావు. 19 అంగుళాల చక్రం తీసేసి 21 వేయిస్తావట, దానికి తగ్గట్టు పెద్ద డిస్కూ కొత్త కాలిపరూ పెట్టిస్తావట. ఎందుకురా అంటే లుక్కు అన్నావు. షోరూములోంచి తెచ్చి ఏడాది కాలేదు. దాని మీద దూరప్రయాణం ఒక్కటైనా చేశావో లేదో. బండి నీకు ఏం తక్కువ చేసిందో ముందు చెప్పు, తర్వాత చక్రం సంగతి మాట్లాడదాం.

మా రోజుల్లో బండి దగ్గర మార్చడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. బులెట్టంటే బులెట్టే. 346 సీసీ, ముందూ వెనకా 19 అంగుళాల రిమ్ములు, రెంటికీ డ్రమ్ము బ్రేకులు. గేరు కుడికాలికి, వెనక బ్రేకు ఎడమకాలికి. ఇవాళ్టి పిల్లల్ని దాని మీద కూర్చోబెడితే బ్రేకనుకుని గేరు తొక్కుతారు. ముందు బ్రేకు పట్టుకుంటే బండి ఆగుతుందని మేమెవ్వరం అనుకునేవాళ్లం కాదు. కాస్త నెమ్మదిస్తుందంతే. అందుకే ఆగాల్సిన చోటు ఫర్లాంగు దూరాన ఉండగానే థ్రాటిల్ వదిలేసి, ఒక్కో గేరూ దించుకుంటూ వచ్చేవాళ్లం. ఎదురుగా లారీ వస్తుంటే దాని డ్రైవరు మొహం కూడా చూసేవాళ్లం, వాడు నిద్రలో ఉన్నాడా మెలకువగా ఉన్నాడా అని. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు బ్రేకు లైనింగు మాడిన వాసన వచ్చిందంటే బండి పక్కన పెట్టి, చెట్టు కింద కూర్చుని, డ్రమ్ము చల్లారాక బయల్దేరేవాళ్లం. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి బ్రేకు షూలకు దూరం జరుగుతుంది. లివరు హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది కానీ బండి మాత్రం ఆగదు. ఈ సంగతి మాకు పుస్తకం చెప్పలేదు, ఘాట్ రోడ్డు చెప్పింది.

అలా కూర్చున్నప్పుడు కబుర్లు నడిచేవి, అటుగా పోయే లారీవాళ్లు ఆగి ఏమైందని అడిగేవాళ్లు, ఎవరో ఒకరు మంచినీళ్లిచ్చేవాళ్లు. ఇవాళ ఎవడైనా రోడ్డు పక్కన బండి ఆపితే సెల్ఫీకేనని అందరూ అనుకుంటారు. సరే, ఎక్కడికో పోతున్నాను. చక్రం దగ్గరికొద్దాం.

చక్రం కట్టడం అంటే ఏమిటో నువ్వు చూడలేదు. విజయవాడ ఆటోనగర్లో మా మేస్త్రి నేల మీద గోనెపట్టా పరుచుకుని, హబ్బు ఒళ్లో పెట్టుకుని, స్పోకులు ఒక్కోటీ అల్లుతూ కూర్చునేవాడు. అన్నీ అల్లాక నిపుల్స్ వేలితో బిగించి, యాక్సిల్‌కి తగిలించి చక్రం తిప్పేవాడు. రిమ్ము పక్కన సుద్దముక్క పట్టుకుంటే ఎక్కడ బెండు ఉందో అక్కడ తెల్లటి గీత పడేది. ఆ గీత పడిన వైపు స్పోకులు వదులు చేసి, ఎదురువైపువి అర చుట్టు బిగించేవాడు. గీత తుడిచి, మళ్లీ తిప్పి, మళ్లీ సుద్ద పట్టేవాడు. గీత సన్నబడి సన్నబడి చివరికి రిమ్ము చుట్టూ ఒకే తీరుగా పడేదాకా వదిలేవాడు కాదు. ఆ తర్వాత స్పానరుతో స్పోకులన్నిటినీ వరసగా తట్టుకుంటూ పోయేవాడు. అన్నీ ఒకే శ్రుతిలో మోగాలి. ఒకటి మందంగా మోగిందంటే అది వదులు. ఆ చెవి ఇవాళ ఎవరికుంది? కంప్యూటర్ మీద బొమ్మ చూసి అల్యూమినియం దిమ్మెలోంచి చెక్కిన చక్రం తెప్పించుకుంటున్నారు. అది అందంగా ఉండదని నేననను. కానీ గుంతలో పడితే స్పోకుల రిమ్ము వంగుతుంది, మేస్త్రి దాన్ని మళ్లీ తీస్తాడు. అల్లాయ్ పగిలిందంటే పారేయడమే.

మా వాళ్లూ బ్రేకులు మార్చారు, కాదనను. ఒకాయన తన బులెట్టుకి పెద్ద డ్రమ్ము తెచ్చి, వేసిపెట్టమని మేస్త్రిని అడిగాడు. మేస్త్రి ముందు ఆ డ్రమ్ము వంక చూడనే లేదు. ఫోర్కు రాడ్డు దగ్గర వంగి, బ్రేకు ప్లేటుని పట్టి ఉంచే ఆనింపు ఎంత మందం ఉందో వేళ్లతో తడిమి చూశాడు. బ్రేకు గట్టిగా పట్టినప్పుడు చక్రంతో పాటు ఆ ప్లేటు కూడా తిరగబోతుంది. దాన్ని ఆపేది ఆ చిన్న ఇనపముక్కే. అది విరిగితే ప్లేటు గిర్రున తిరిగి, కేబులు చుట్టుకుపోయి, చక్రం ఉన్నచోటే బిగుసుకుపోతుంది. బ్రేకు బలం పెంచే ముందు ఆ బలాన్ని మోసేదాన్ని పెంచాలన్నాడు. వారం రోజులు తిప్పుకుని, లేతు దగ్గర కొత్త ఆనింపు చేయించి, అప్పుడు బిగించాడు. ఆయన చదివింది అయిదో తరగతే.

ఇప్పుడు నీ బండి లెక్క చూద్దాం. మీటియర్ 350 అంటావు కదా. ముందు టైరు 100/90-19, డిస్కు 300 మిల్లీమీటర్లు. దాని బదులు 90/90-21 వేశావనుకో. చక్రం వ్యాసార్ధం 16 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంతేనా అంటావు. 16 మిల్లీమీటర్లు ముందు లేచిందంటే బండి మొత్తం వెనక్కి వాలుతుంది, ఫోర్కు వాలు పెరుగుతుంది. హ్యాండిల్ ఏ గీత మీద తిరుగుతుందో ఆ గీతను నేలదాకా పొడిగించు. అది టైరు నేలకు ఆనే చోటుకి కాస్త ముందు పడుతుంది. ఆ రెంటికీ మధ్య దూరాన్నే ట్రెయిల్ అంటారు. చేతులు వదులు చేసినా బండి తిన్నగా పోవాలని చూసేది దాని వల్లే. నీ పెద్ద చక్రంతో అది సెంటీమీటరు పైనే పెరుగుతుంది. హైవే మీద తిన్నగా పోతున్నప్పుడు హాయిగానే ఉంటుంది. బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ కింద ఆటోల మధ్య యూ టర్న్ తీసుకోబోయినప్పుడు హ్యాండిల్ బరువెక్కి పక్కకి పడబోతుంది. వెనక కూర్చున్న మీ ఆవిడ అప్పుడు నీ లుక్కు గురించి ఏమంటుందో నేను రాయను.

నువ్వు చూసి మోజుపడ్డ ఫోటోలు అమెరికావాళ్లవి, నాకు తెలుసు. హార్లీ టూరింగ్ బళ్లకి 26 అంగుళాలవీ, 30 అంగుళాలవీ ముందు చక్రాలు వేస్తారు. కానీ వాళ్లు చక్రం ఒక్కటే వేసి వదిలేయరు. అంత చక్రం ఫ్రేముకి తగలకుండా ఫ్రేము మెడ కోసి, వాలు మార్చి, మళ్లీ వెల్డింగు చేస్తారు. అలా చేస్తే ట్రెయిల్ విపరీతంగా పెరుగుతుంది కాబట్టి దాన్ని మళ్లీ తగ్గించడానికి ఫోర్కుని పట్టి ఉంచే క్లాంపులు కూడా వేరే కోణంలో చేసినవి వేస్తారు. పని తెలిసినవాడి చేతిలో అది గొప్ప పనే. అయినా మెడ కోసిన బండి మీద నేను మాత్రం కోదాడ దాకా కూడా పోను. మన కుర్రాళ్లు ఆ ఫోటోలో చక్రం చూస్తారు. మెడ దగ్గర కోత ఫోటోలో కనపడదు.

బండి ముందుభాగం పంచెకట్టులాంటిదిరా, ఒక కుచ్చె లాగితే ఇంకోటి జారుతుంది. చక్రం పెద్దదయితే అదే బ్రేకు మునుపటంత గట్టిగా ఆపలేదు. ఇరుసు నుంచి నేల ఎంత దూరమైతే డిస్కు పట్టు అంత తగ్గుతుంది. అందుకే పెద్ద డిస్కు అన్నావు, అంతవరకు నువ్వు చెప్పింది సరైనదే. కానీ 320 డిస్కు వేస్తే కాలిపరు జరగాలి, జరిపి పట్టడానికి బ్రాకెట్టు కావాలి. ఆ బ్రాకెట్టు ఎవరు చేస్తారు? ఏ రేకుతో చేస్తారు? నూరు కిలోమీటర్ల వేగంలో నువ్వు లివరు నొక్కితే ఆ బలమంతా ఆ రెండు బోల్టుల మీద పడుతుంది. పెద్ద పిస్టన్ల కాలిపరు పెట్టి, హ్యాండిల్ మీది మాస్టర్ సిలిండరు పాతదే ఉంచితే అది తోసే ఆయిలు చాలదు, లివరు మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. అప్పుడు మెకానిక్కు ఎయిర్ ఉందంటాడు. బ్లీడింగు చేసి, మళ్లీ చేసి, డబ్బులు తీసుకుంటాడు. ఎయిర్ ఉండదక్కడ, లెక్క తప్పి ఉంటుంది. డాట్ 4 ఆయిలు సీసా ఎప్పుడు తెరిచాడో కూడా అడుగు. అది గాలిలోని తేమ పీల్చుకుంటుంది. నీళ్లు కలిసిన ఆయిలు ఘాట్‌లో వేడెక్కితే మరిగి ఆవిరవుతుంది. మా డ్రమ్ము వాసన వేసి చెప్పేది. ఇది ఏమీ చెప్పదు.

ఇక ఏబీఎస్. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్లన్నిటికీ తప్పనిసరి చేశారు. చక్రం పక్కన చిల్లులున్న రింగు ఒకటి ఉంటుంది, దాన్ని సెన్సరు లెక్కపెడుతుంది. నీ 19 అంగుళాల చక్రం కిలోమీటరుకి 480 చుట్లు తిరిగేది, 21 అయితే 458 తిరుగుతుంది. వెనక చక్రం మాత్రం ఎప్పటిలాగే తిరుగుతుంది. ముందూ వెనకా పోల్చి చూసుకునే ఏబీఎస్ పెట్టెకి తప్పుడు లెక్క ఇస్తున్నావు. ఆ రింగు అసలు కొత్త హబ్బుకి పడుతుందా, సెన్సరుకీ దానికీ సందు ఎంత అని కూడా చూడకుండా, లైటు వెలిగితే వైరు పీకేసే మెకానిక్కుల్ని నా కళ్లతో చూశాను. వాన పడ్డ రోడ్డు మీద ప్రాణం కాపాడే వస్తువది. మాకు లేదు. ఉంటే నా ఈడువాళ్లు ఇంకో ఇద్దరు ముగ్గురు ఇవాళ నాతో కూర్చుని ఇలాగే గొణుగుతుండేవాళ్లు. ఆ మాట ఒప్పుకుంటాను. డిస్కు బ్రేకు సంగతీ ఒప్పుకుంటాను. 1969లో హోండా సీబీ 750కి ముందు డిస్కు పెట్టిందని పత్రికల్లో చదివి నోరెళ్లబెట్టినవాళ్లం మేం. మన రోడ్ల మీద 1999లో వచ్చిన సీబీజెడ్‌కి డిస్కు చూసి, ఇంత పలచని రేకు బండిని ఆపుతుందా అనుకున్నాం. ఆపింది. వేగం రెట్టింపయితే ఆపాల్సిన శక్తి నాలుగింతలవుతుంది, మీ వేగాలకి మా డ్రమ్ములు చాలవు. అయితే మీకు అంత వేగం ఎందుకన్నది నా ప్రశ్న, దానికి ఇంతవరకు ఎవడూ జవాబు చెప్పలేదు.

మా తమ్ముడి మనవడు ఒక షాపులో ఇలాగే పెద్ద చక్రం వేయించుకొచ్చాడు. 'బానే ఉంది కదా తాతయ్యా' అన్నాడు. వంగి చూశాను. టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య నా చిటికెన వేలు దూరింది, చూపుడు వేలు దూరలేదు. మడ్‌గార్డు లోపల చెయ్యి పెట్టి తడిమితే ఒకచోట రంగు పోయి, నున్నగా అరిగి తగిలింది. బండి స్టాండు మీద ఉండగా హ్యాండిల్‌కి రెండు పక్కలా తాళ్లు కట్టి, ఇద్దరం కిందికి లాగాం. షాకబ్జర్లు దిగుతుంటే టైరు వెళ్లి మడ్‌గార్డుకి ఆనింది, చక్రం చేత్తో తిప్పితే తిరగలేదు. నందిగామ దగ్గర పెద్ద గుంతలో పడితే జరిగేది అదే. పిల్లాడి మొహం పాలిపోయింది. ఆ షాపువాడు ఆ పని ఎందుకు చేసి చూడలేదు? మా మేస్త్రి అయితే ఫోర్కు స్ప్రింగులు తీసేసి, ముందుభాగం అడుగంటా దించి, హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పి, టైరు ఎక్కడా తగలడం లేదని మనకి చూపించేవాడు. దానికి వేరే చార్జీ లేదు.

ఇంకోటి. నీకిప్పుడున్నది ట్యూబు లేని టైరు. మేకు దిగినా నెమ్మదిగా గాలి పోతుంది, దారిలో అయిదు నిమిషాల్లో పురి దూర్చి గాలి కొట్టుకుని పోతావు. స్పోకుల 21 వేస్తే చాలావాటికి మళ్లీ ట్యూబే. మేం ట్యూబులకి పంక్చర్లు మేమే వేసుకున్నాం, లివర్లతో టైరు ఊడదీసి, నీళ్ల పళ్లెంలో బుడగ చూసి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి. నువ్వు యాక్సిల్ ఎటు తిప్పితే ఊడుతుందో చెప్పు చూద్దాం. చెప్పలేనప్పుడు రాత్రి పదింటికి సూర్యాపేట దాటాక ఏం చేస్తావు?

చట్టం సంగతి నీకు తెలిసే ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన తీరును ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఇన్సూరెన్సువాళ్లకి ఆ సెక్షను కంఠతా వచ్చు.

ఇంత చెప్పినా వేయిస్తావు, తెలుసు. వేయించేటట్టయితే డబ్బు ముందే ఇవ్వకు. బ్రాకెట్టు ఏ లోహమో అడుగు, మాస్టర్ సిలిండరు ఎందుకు మార్చాడో లేక ఎందుకు మార్చలేదో అడుగు, ఏబీఎస్ రింగు చూపించమను, స్ప్రింగులు తీసి ఫోర్కు అడుగంటా దించి చూపించమను. చూపించనంటే బండి తీసుకుని వచ్చెయ్. పాత చక్రం, పాత డిస్కూ అక్కడ వదిలెయ్యకు, గోనెసంచిలో చుట్టి ఇంటికి తెచ్చి అటక మీద పెట్టు. మూడు నెలల్లో నువ్వే దింపుతావు.