ఒక ఎంజైము ఆత్మకథ

నా పేరు కాల్సిన్యూరిన్. కుళ్లిన ఆకుల్లో, ఎరువు కుప్పల్లో పెరిగే ఆస్పర్‌జిల్లస్ ఫ్యుమిగేటస్ అనే బూజు కణాల్లో ఉంటాను. ఈ బూజు సిద్ధబీజం రెండు మూడు మైక్రాన్లే కాబట్టి శ్వాసతో ఊపిరితిత్తుల చివరిదాకా పోతుంది. ఆరోగ్యవంతుల్లో తెల్లరక్తకణాలు దాన్ని అక్కడే మింగేస్తాయి. కీమోథెరపీ వల్లనో, అవయవ మార్పిడి తర్వాతనో ఆ కాపలా సడలితే మొలకెత్తి, తంతువులు సాచి కణజాలంలోకి చొచ్చుకుపోతుంది. అలా చొచ్చుకుపోవడానికి నేను కావాలి. కణంలో కాల్షియం పెరగగానే కాల్మోడ్యులిన్ అనే ప్రోటీను నన్ను మేల్కొలుపుతుంది. క్రజ్-ఎ అనే ప్రోటీను మీది ఫాస్ఫేటును నేను ఊడదీస్తాను. అప్పుడు ఆ ప్రోటీను కేంద్రకంలోకి వెళ్లి జన్యువులను పని చేయిస్తుంది. తంతువులో అడ్డుగోడ లేచే చోటా నేనుంటాను. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నా జన్యువును తీసేసి, 2006లో ఫలితం ప్రకటించారు: బూజు చావలేదు, కానీ తంతువులు పొట్టిగా, మొద్దుగా మిగిలాయి, ఎలుకల్లో రోగం తెచ్చే శక్తి పోయింది. మందు వెతికేవారు నామీద గురిపెట్టాలనడానికి నాకు ఇంతకన్నా బలమైన ఆధారం అక్కర్లేదు.

మనుషుల్లోనూ కాల్సిన్యూరిన్ ఉంది కదా, దాన్ని ఆపితే రోగనిరోధక శక్తే పోదా అంటారు. నిజమే. జపాన్‌లోని త్సుకుబా మట్టిలో దొరికిన టాక్రోలిమస్ అనే మందు మా ఇద్దరినీ ఆపుతుంది. అది వాడే అవయవ మార్పిడి రోగులకూ ఈ బూజు సోకుతోందని కూడా ఎత్తిచూపుతారు. అక్కడ నన్ను అణచినందువల్ల వచ్చే లాభాన్ని కాపలా పోయిన నష్టం మింగేస్తోంది. అంటే తప్పు గురిలో లేదు, మా ఇద్దరినీ వేరుచేయలేని మందులో ఉంది. వేరుచేసే వీలు మాత్రం ఉంది. నాలో సెరీన్, ప్రోలిన్ నిండిన ఒక భాగం మనుషుల ఎంజైములో లేదు. అందులోని సెరీన్లను మారిస్తే బూజు తీవ్రత తగ్గిందని 2013లో తేలింది. టాక్రోలిమస్ నన్ను చేరాలంటే ముందు ఎఫ్‌కేబీపీ12 అనే ప్రోటీనును పట్టుకోవాలి. దానిలో 88వ స్థానంలో మనిషికి హిస్టిడిన్, బూజుకు ఫినైల్‌అలనిన్ ఉంటాయి. ఈ చిన్న తేడాను స్ఫటిక నిర్మాణాల్లో చూసి, టాక్రోలిమస్‌ను కొద్దిగా మార్చి చేసిన ఏపీఎక్స్879ను 2019లో ప్రకటించారు. అది రోగనిరోధక శక్తిని తక్కువగా అణచింది, శిలీంధ్రాలను మాత్రం అడ్డుకుంది.

ఉన్న మందులు చాలవా అంటే, చాలవు. ఈ బూజుకు వాడే అజోల్ మందుల్లాంటివే పొలాల్లోనూ చల్లుతున్నారు. వాటికి లొంగని ఆస్పర్‌జిల్లస్ అమెరికాలోనూ కనిపించింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ బూజును అత్యంత ప్రమాదకరమైన శిలీంధ్రాల వర్గంలో చేర్చింది. ఎలుకల్లో కనిపించిన ఫలితం మనుషుల్లో రుజువు కావాల్సే ఉంది. ఆ పరీక్ష దాకా ఈ పరిశోధనను నడిపించండి. మనిషిలోనూ ఉన్నానన్న ఒక్క కారణంతో నన్ను వదిలేయకండి.